పార్టిసిప్‌కు స్థానికత పత్రం

ఫ్రెంచి వ్యాకరణంలోని పార్టిసిప్ అనే పదం సోమవారం పొద్దున్నే ఒకప్పటి ఫ్రెంచి ఊరు యానాం వచ్చి, స్థానికత పత్రం కోసం సర్కారు ఆఫీసులో వరుసలో నిలబడింది. ముందువాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు. సాయంత్రంలోగా పత్రం చూపకపోతే అక్కడి బడి పుస్తకంలోంచి పేరు కొట్టేస్తామని పైవాళ్లు చెప్పారట. పాపం, దానికి ఆ పుస్తకం తప్ప వేరే కొంప లేదు.

గుమాస్తా పంపన అనసూయ తలెత్తకుండానే పుట్టుక అడిగింది.

"లాటిన్‌లోనండి. భాగం అనే మాటా, పుచ్చుకోవడం అనే మాటా కలిస్తే పుట్టాను. నామవాచకంలో కొంత, క్రియలో కొంత పుచ్చుకుంటానని ఆ పేరు పెట్టారండి."

పత్రం ఇచ్చే ముందు వీధిలో ఇద్దరు పెద్దలు 'మావాడే' అని చెప్పడం అక్కడి పద్ధతి. అనసూయ ఫ్రెంచివీధికి కబురంపింది. వాటా పుచ్చుకునేవాడెవరో ఫ్రాన్సు నుంచి దిగాడని తెలియగానే వీధి వీధంతా తలుపులు బిడాయించుకుంది. తాతల నాటి ఫ్రెంచి దస్తావేజు పట్టుకొచ్చి స్థలంలో వాటా అడిగేవాళ్లను ఆ వీధి చాలామందిని చూసింది. కొందరైతే అప్పటికప్పుడు వకీలును మాట్లాడుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి తిరిగి పదం ముఖం పాలిపోయింది. చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

చివరికి గిడ్ల కమలమ్మ అనే పెద్దావిడ కిటికీ ఓరగా తెరిచింది.

"ఏం బాబూ, మా ఇంట్లో వాటా కావాలా నీకు?"

"వద్దండి. నేను పుచ్చుకునేది పనిలో వాటానండి. నామవాచకం ఇంట్లో కొంత చాకిరీ, క్రియ ఇంట్లో కొంత."

"మరి కూడెవరెడతారు?"

"వాళ్లు వీళ్లింట్లో తినమంటారండి. వీళ్లు వాళ్లింట్లో తినమంటారు."

"అయితే మావోడే. మా ఊరోళ్ల బతుకూ ఇంతేగా," అంది కమలమ్మ, తలుపు బార్లా తీస్తూ.

ఆ మాటతో వీధంతా బయటికొచ్చింది. సాక్షి సంతకం నేనంటే నేనని తోసుకున్నారు. ఎవరో పెసరట్టు కూడా పెట్టారు. పొద్దుగుంకకముందే పత్రం చేతికొచ్చింది, పుస్తకంలో పేరు నిలిచింది.

ఆ ఆఫీసు అధికారిగారు ముచ్చటపడి పదానికి అక్కడే ఉద్యోగమిచ్చారు. పొద్దున గుమాస్తా పని, మధ్యాహ్నం బంట్రోతు పని. జీతం ఎవరిస్తారంటే ఒక శాఖ రెండో శాఖను చూపించింది. కుర్చీ మాత్రం దొరకలేదు, దానికి చూపించిన బల్ల చుట్టూ, జీతం ఎవరిస్తారో తేలని అదే ఉద్యోగం చేసే మనుషులు ఇదివరకే కూర్చుని ఉన్నారు.

"కాస్త సర్దుకో తమ్ముడూ," అన్నాడు వాళ్లలో పెద్దాయన. "నేను చేరిన ఏడాదే మా అమ్మాయి పుట్టింది. అదిగో, పక్క బల్ల దగ్గర ఇదే పని చేత్తంది."

పదం ఇద్దరికీ నమస్కారం పెట్టి, సంతోషంగా సర్దుకుని కూర్చుంది.