రైతు లైన్ వచ్చింది

ఆత్మకూరు మార్కెట్ యార్డులో ఆ రోజు పదకొండు గంటలకు దేవమ్మ బృందం ప్రదర్శన. ఆడపిల్లల చదువు మీద పాటలు, మధ్యలో చిన్న నాటకం. ఏడింటికల్లా సౌండ్ బాక్సులు దించాలి, ఎనిమిదికి వైర్లు కలపాలి, తొమ్మిదికి మైకులన్నీ సరిచూడాలి, పదికి టిఫిన్ తినాలి. వనపర్తిలో ఆరు నెలలు సౌండ్ మిక్సింగ్ నేర్చుకొని వచ్చిన రోజా, టిఫిన్‌తో సహా అన్నీ కాగితం మీద రాసుకుంది.

తండ్రి ఏసురత్నానికి ముప్పై ఏళ్లుగా సౌండ్ సర్వీస్ ఉంది. ఆయన లెక్కలో మంచి సౌండ్ అంటే పక్క ఊరికి వినబడేది.

"ఇయ్యాల మిక్సర్ నీ చేతుల పెడుతున్న బిడ్డా. మంచిగైతే ఇగ ప్రోగ్రాంలన్ని నువ్వే చూస్కో. చెడిందనుకో, మళ్ల వైర్లు చుట్టుడే" అని పొద్దున్నే చెప్పేశాడు. రోజా అప్పటిదాకా చుట్టిన వైరు పరిస్తే గద్వాల దాకా పోయి వస్తుంది. ఇంకో మీటరు కూడా చుట్టే ఓపిక ఆమెకు లేదు.

ఆ పిల్ల పనితనం మాత్రం చూసి తీరాల్సిందే. యార్డంతా చప్పట్లు కొడుతూ తిరిగి, రేకుల షెడ్డు ఎక్కడ మారుమోగుతుందో విని, బాక్సుల ముఖాలు అటు పడకుండా తిప్పింది. గాలికి స్టాండ్లు పడకుండా ఇసుక నింపిన పాత యూరియా బస్తాలు తెప్పించింది. ప్రతి మైకు వైరుకూ కాగితం అంటించి పేరు రాసింది. రైతు వేషగాడిది రైతు లైన్, కోరస్ పాడేవాళ్లది ఆడోళ్ల లైన్.

తొమ్మిదికి ఆమె యార్డు చివర మిక్సర్ దగ్గర చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంది. తండ్రి స్టేజీ మీద ఒక్కో మైకులో మాట్లాడాలి, ఆమె తన మైకులో జవాబు చెప్పాలి. ఏసురత్నం చేయి ఊరుకుంటుందా? కూతురు చూడకుండా స్టేజీ పక్కనున్న యాంప్లిఫయర్ సౌండ్‌ను పూర్తిగా పెంచేశాడు. ఇక వాళ్లిద్దరి మాటలు బస్టాండు దాటి చేలదాకా వెళ్లాయి.

"రైతు లైన్ వచ్చింది నాయినా, మంచిగొచ్చింది! ఆడోళ్ల లైన్ ఇంక రాలే. జల్ది పెట్టు."

"పెట్టిన. జనరేటర్ మీద లోడ్ ఎట్లున్నది బిడ్డా?"

"లోడ్ మొత్తం వచ్చేసింది, ఫికర్ లేదు. బస్తాలు దించు. ఒక్కోదానికి రెండు బస్తాలే!"

అది ఆగస్టు నెల. వరి, మొక్కజొన్న యూరియా కోసం ఎదురుచూస్తున్న రోజులు. ఊరంతా లైన్, లోడ్ అనే రెండు మాటల కోసమే చెవులు రిక్కించుకొని ఉంది. బస్టాండు దగ్గర చాయ్ తాగుతున్న సత్యమ్మ గ్లాసు సగంలోనే పెట్టేసింది. "లోడ్ వచ్చిందంట! మనిషికి రెండు బస్తాలంట!" అని కేకేస్తూ యార్డుకు ఉరికింది. వరుసలో మొదటి చోట తన చెప్పులు పెట్టి, నీడకు పోయి కూర్చుంది. చెప్పులు ఉన్నాయంటే మనిషి ఉన్నట్టే, అది అందరికీ తెలిసిన న్యాయం.

రోజా తలెత్తి చూసేసరికి స్టేజీ ముందు రెండు వరుసల్లో రెండు వందల జతల చెప్పులు ఉన్నాయి. ఆమె వెంటనే మైకు తీసుకుంది.

"అవ్వా, గిది సౌండ్ లైన్. యూరియా లేదు!"

"లేకుంటే లోడ్ వచ్చిందని నువ్వెందుకు చెప్తివి?" అంది సత్యమ్మ.

"గది కరెంటు లోడ్."

"మరి గా బస్తాలు?"

"అండ్ల ఇసుక ఉన్నది."

అంతే, "యూరియాల ఇసుక కలిపిండ్రంట!" అన్న మాట వరుస చివరిదాకా పాకింది.

కల్తీ అన్న కబురు వినగానే వ్యవసాయాధికారి ప్రేమ్ కుమార్ బండి మీద వచ్చి పడ్డాడు. సారే వచ్చాడంటే నిజమే అయి ఉంటుందని మరో వంద జతల చెప్పులు చేరాయి. ఆయన ఒక బస్తా విప్పి చూసి "ఇసుకే" అన్నాడు. "సార్ గూడ ఒప్పుకున్నడు!" అని జనం గొల్లుమన్నారు. ఆయన చెమట తుడుచుకుంటూ పైవాళ్లకు ఫోన్ చేశాడు. "ఇక్కడ వందల మంది లైన్లో ఉన్నారు సార్. ఏదో ఒక లారీ ఇటు తిప్పండి."

పదకొండయింది. దేవమ్మ స్టేజీ ఎక్కింది. కింద ఎవరి చోట్లో వాళ్లు నిలబడి అరుస్తున్నారు.

"అన్ని ఫుల్ లేపు బిడ్డా! జనాన్ని మించిపోవాలె!" అన్నాడు ఏసురత్నం.

రోజా లేపలేదు. పైకి లేపితే బాక్సులు కీచుమంటాయి, జనం ఇంకా అరుస్తారు, ఆ తర్వాత జీవితాంతం వైర్లే. ఆమె ముందు యాంప్లిఫయర్ తగ్గించి వచ్చింది. మిక్సర్ మీద అన్ని మైకులూ కిందికి దించేసి, దేవమ్మది ఒక్కటే ఉంచింది.

"దేవమ్మక్కా, మెల్లగనే పాడు. నేను చూస్కుంట."

దేవమ్మ మెల్లగా ఎత్తుకుంది. ముందువాళ్లు ఏం పాడుతోందోనని ఆగారు. వెనకవాళ్లు "ఊకోండ్రి జర, వినపడనియ్యరు" అని ఒకరినొకరు కసిరారు. రోజా మిక్సర్ మీద దేవమ్మ గొంతులోని గరుకు తీసి, కోరస్‌ను దాని వెనకే కొంచెం కొంచెంగా తెచ్చింది. చివరి చెప్పుల జత దగ్గర నిలబడ్డ ముసలాయనకూ ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. అంత పని అంత చప్పుడు లేకుండా చేసిన చేతులకు దండం పెట్టాలి. కదిలితే చోటు పోతుందని నిలబడ్డవాళ్లు, కాసేపటికి ఎందుకు నిలబడ్డారో మరిచిపోయారు.

ఆఖరి పాటలో ఉండగా గేటు దగ్గర నిజంగానే యూరియా లారీ వచ్చి హారన్ కొట్టింది. సత్యమ్మ వెనక్కి తిరిగి, "ఆపు జర! పాట కానీ!" అని గద్దించింది. డ్రైవరు ఇంజను ఆపేసి, తనూ దిగి విన్నాడు.

పాట అయ్యాక ఏసురత్నం కళ్లు తుడుచుకుంటూ కూతురి దగ్గరికి వచ్చాడు. "ముప్పై ఏండ్ల సంది జనం చెవులు పగలగొట్టిన. జనం వినంగ ఇయ్యాల్నే చూసిన. ఇగ మిక్సర్ నీదే బిడ్డా." రోజా ఏడ్చేసింది.

ఇంతలో ప్రేమ్ కుమార్ వచ్చాడు. "ఎల్లుండి ఇంకో ఊళ్లో లారీ దిగుతుంది. తోపులాట లేని లైన్ నా సర్వీసులో ఇదే మొదటిది. మీరూ దేవమ్మగారూ తప్పకుండా రావాలి."

రోజా ముక్కు చీది, డైరీ తెరిచి, ప్రోగ్రాం పేరు అన్నచోట కాసేపు ఆలోచించి, "యూరియా" అని రాసుకుంది.