మూలం దొరకని వరద

హాస్టల్ గదిలో పడవవాళ్ళ అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది. లైబ్రరీ మేడం మంచం చివర కూర్చుని, మడతపెట్టిన బట్టల్నే మళ్ళీ మడతపెడుతోంది. నియమావళి ప్రకారం దోషి సాయంత్రం ఐదింటిలోగా గది ఖాళీ చెయ్యాలి. కాలేజీవారు దయామయులు కనుక అప్పటిదాకా ఫ్యాను వాడుకోనిచ్చారు.

నేరం సామాన్యమైంది కాదు. "మా ఊరు చూసిన విపత్తు" అనే వ్యాసం కోసం ఆ పిల్ల ఊరికి వెళ్ళి, పదకొండుమందిని అడిగి, గోడల మీద వరదనీటి చారలు కొలిచి, సొంతంగా రాసుకొచ్చింది. జనాన్ని దాటించడానికి మూడోసారి పడవేసుకెళ్ళి తిరిగిరాని తండ్రి గురించి కూడా రాసింది.

తక్కిన నలభైమంది బుద్ధిమంతులు. నెట్‌లో ముందు కనిపించిన భూకంపాన్నే తలా ఒక ఊరికి తెచ్చుకున్నారు. నలభై వ్యాసాలూ "మా పేజీని లైక్ చెయ్యండి" అనే ముగిశాయి. కాపీ పట్టే యంత్రం వీటికి తొంభై ఎనిమిది శాతం పోలిక చూపింది. వ్యాసాల కమిటీ ఆ శాతాన్నే మార్కులుగా స్వీకరించింది. పడవవాళ్ళ అమ్మాయికి వచ్చింది సున్నా.

"నెట్‌లో లేని వరదను విద్యాసంస్థ ఎలా నమ్ముతుంది?" అని ప్రిన్సిపాల్ గారు ఆవేదన చెందారు. "వారంలోగా మూలం చూపించాలి."

లైబ్రరీ మేడానికి మరో మార్గం తోచలేదు. ఆ వ్యాసాన్ని పిల్ల పేరుతోనే నెట్‌లో పెట్టింది. యంత్రం మళ్ళీ చూసింది. ఈసారి నూటికి నూరు.

"పచ్చి కాపీ!" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "రాసింది ఈ అమ్మాయేనండీ, పేరుంది చూడండి" అంటే, "నెట్‌లో కనిపించినవన్నీ నమ్మేస్తామా మేడం? ఆ నలభైమందీ కనీసం ఊరి పేరు, తమ పేరు మార్చారు. రెండు శాతం స్వయంకృషి ఉంది. ఈమె ఒక్క అక్షరమైనా మార్చిందా?" అని ఏడాదిపాటు డిబార్ చేశారు.

"నా చేతులారా చేశానే తల్లీ" అంది మేడం.

"ఊరుకోండి మేడం. ఆ చొక్కా నాలుగోసారి మడతపెడుతున్నారు."

"ఏడాదే కదా. వచ్చెయ్యి. నీ లైబ్రరీ కార్డు తీసెయ్యను."

"వస్తాలెండి. ఈలోగా నన్ను నేను ఓ రెండు శాతం మార్చుకుంటాను."

మరుసటేడు జూనియర్లు ముప్పై ఆరుమంది ఆ వరద వ్యాసాన్నే సమర్పించారు. ఊళ్ళు మార్చారు, పేర్లు మార్చారు. ప్రథమ బహుమతి పొందిన కుర్రాడు వేదికెక్కి, "మూడోసారి వెళ్ళిన మా నాన్న తిరిగి రాలేదు" అని గద్గదస్వరంతో చదువుతుంటే, ముందు వరుసలో కూర్చున్న వాళ్ళ నాన్న ఫోన్లో వీడియో తీసుకున్నాడు. సభంతా కళ్ళు తుడుచుకుంది. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

పడవవాళ్ళ అమ్మాయి ఫిబ్రవరి తొమ్మిదిన వెళ్ళింది. మళ్ళీ ఫిబ్రవరి తొమ్మిదికి డిబార్ గడువు తీరింది. ఆమె రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.