ఫైల్లో చల్లని ఇల్లు

పాఠక మహాశయులారా, చట్టాలు కాగితం మీదే ఉండాలి. అక్కడైతే వాటికి ఎండ తగలదు, వాన తగలదు, మనమూ తగలం. అందులోనూ ఇళ్లు వేడెక్కకుండా, కరెంటు వృథా కాకుండా కట్టమని చెప్పే బిల్డింగ్ ఎనర్జీ కోడ్ మాత్రం ఎప్పటికీ ఫైలు దాటి బయటికి రాకూడదని నా దృఢమైన అభిప్రాయం!

ఎందుకంటారా? నాకు రెండు ఇళ్లున్నాయి. ఒకటి ఛత్రినాకలో నూరు గజాల్లో ఉంది. రెండోదీ అదే ఇల్లు, కాకపోతే మున్సిపల్ ఆఫీసు ఫైల్లో ఉంది. ఫైల్లోని ఇంటికి ఎదురెదురుగా కిటికీలు, పడమటి ఎండకు అడ్డంగా సజ్జలు, డాబా మీద వేడిని తిప్పికొట్టే తెల్ల పూత ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం కూడా అందులో హాయిగా కునుకు తీయవచ్చు. అందులోకి వెళ్లే దారే ఇంకా దొరకలేదు.

ఈ కోడ్ ప్రయాణం మీరు తెలుసుకోవాలి. ఢిల్లీ ఒక నమూనా రాస్తుంది. రాష్ట్రం దాన్ని మన ఎండలకు తగ్గట్టు మార్చి జీవో ఇవ్వాలి. ఆపైన ఇంటి పర్మిషన్లు ఇచ్చే స్థానిక ఆఫీసు దాన్ని తన నిబంధనల్లో కలుపుకోవాలి. ముందు పెద్ద భవనాలకు, మనలాంటివాళ్లకు ఎప్పుడో. ఈలోగా ఢిల్లీ కొత్త నమూనా రాస్తుంది. ఎంత చక్కటి ఏర్పాటు! అందరికీ పని ఉంటుంది, ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

ఈ ఆలస్యం మీద నేను పదకొండు వ్యాసాలు రాశాను. "స్థానిక స్థాయిలో చిత్తశుద్ధి ఏదీ?" అని ప్రతిదాంట్లోనూ గర్జించాను. మెచ్చి ఒక సదస్సుకు పిలిచారు. ఆ హాల్లో ఏసీకి వణుకు పుట్టి, సన్మానం చేసి శాలువా కప్పాక గానీ ఎండల గురించి నోరు విప్పలేకపోయాను.

ఇంతటి మేధావి తన ఇంటి మీద గది వేస్తే అది ఆదర్శంగా ఉండొద్దూ?

"సార్, గా కోడ్ మన సోంటి చిన్నిండ్లకు ఇంకా రాలే" అన్నాడు ప్లాన్లు గీసే శ్రవణ్‌కుమార్.

"రాకముందే పాటిస్త. నువ్వు గియ్యి!" అన్నాను.

గీశాడు. తర్వాత మామూలుగా అడిగాడు. "మరి మేస్త్రీకిచ్చే ప్లాన్ ఎట్ల గియ్యమంటరు?"

మా ఆచారం తెలియనివారి కోసం చెబుతున్నాను. మా దగ్గర ఒక ఇంటికి రెండు ప్లాన్లుంటాయి. ఒకటి ఆఫీసుకు, ఒకటి మేస్త్రీకి. అవి రెండూ జన్మలో ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. మేస్త్రీ ప్లాన్‌లో సజ్జలు కొట్టేయించాను, ఎలివేషన్‌కు, అంటే బయటి అందానికి, అడ్డమని. పడమటి గోడ నిండా తెరుచుకోని నీలం అద్దం పెట్టించాను. వెనక కిటికీ మూయించి అల్మారా కట్టించాను. తెల్ల పూత బదులు రంగురంగుల లైట్లు వచ్చాయి. చాంద్రాయణగుట్ట నుంచి కూడా జనం వచ్చి ఫోటోలు తీసుకున్నారంటే చూడండి!

ఆ గదిని నా భార్య విమలాదేవికి ఇచ్చేశాను. ఆమె బ్లౌజులు, కుర్తాలు కుడుతుంది. మొదటి వేసవిలో, చెమట పట్టుబట్టల మీద పడుతోందని చెప్పింది. పరిశీలిస్తానన్నాను. రెండో వేసవిలో, అద్దం తీయించి కిటికీ పెట్టించమంది. దశలవారీగా చేద్దామన్నాను. ఇది మూడో వేసవి. మొన్న ఒక మధ్యాహ్నం కుట్టు మిషన్ మీదే సొమ్మసిల్లి పడిపోయింది. కుర్తా కోసం వచ్చిన ఎదురింటి సురయ్యా కేక పెడితే గానీ నాకు తెలియలేదు. నేను కింద కూలర్ ముందు కూర్చుని పన్నెండో వ్యాసం రాస్తున్నాను.

రెండు సెలైన్ సీసాలు ఎక్కించుకుని ఇంటికొచ్చిన విమల, మర్నాడే మిషన్‌ను సురయ్యా వాళ్ల వరండాలోకి మార్చేసింది. వాళ్లది పాత ఇల్లు. మూరెడు మందం గోడలు, డంగు సున్నంతో వేసిన కప్పు.

"మా దాదా కట్టించిండు భాయ్. ఆయనకు కోడ్ మాలూం నై, గీ ఎండ మాలూం" అన్నాడు సురయ్యా భర్త ఖదీర్, వాళ్ల తాతను తలుచుకుని, విమల కోసం వెళ్లిన నాకు చాయ్ అందిస్తూ.

చాయ్ తాగుతూ విమలకు విషయం వివరించాను. ఇదంతా వ్యవస్థ వైఫల్యమని, కింది స్థాయిలో అమలు లేదని చెప్పాను. ఆమె దారం తెంపి నా వైపు చూసింది.

"ఢిల్లీ చేస్తలేదు, సర్కారు చేస్తలేదని పన్నెండు సార్లు రాసిండ్రు. మన గోడకు అద్దం పెట్టిందెవరు?"

చాయ్ కప్పు సగంలోనే పెట్టేసి లేచి వచ్చేశాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి పైగదిలోకి వెళ్లి, ఆమె మిషన్ ఉండే చోట కూర్చున్నాను. గంటసేపు ఉండాలనుకున్నాను. తొమ్మిదో నిమిషానికి గోడ పట్టుకుని కిందికి దిగాను. దిగగానే ఆ గది కట్టిన శివయ్య మేస్త్రీకి ఫోన్ చేసి, అద్దం పగలగొట్టడానికి సుత్తి తీసుకుని రమ్మన్నాను.

పదమూడో వ్యాసంలో ఎవరిని తిట్టాలో తోచడం లేదు. ఢిల్లీలో నమూనా రాసినవాళ్లకు, జీవో ఇవ్వాల్సినవాళ్లకు, ప్లాన్ మీద ముద్ర వేసినవాళ్లకు మా పైగది ఎంత కాలుతుందో ఎవరూ చెప్పలేదు. నాకు విమల చెప్పింది. మూడు వేసవులుగా.