కణ విభజన ప్రారంభోత్సవం

గద్వాలలో జరిగిన విద్యా వైజ్ఞానిక ప్రదర్శనలో ఉదయం పది గంటలకు విడిపోవలసిన జంతుకణం, ముఖ్య అతిథులు ఇంకా విచ్చేయనందున మధ్యాహ్నం ఒంటిగంటకు విడిపోతుందని నిర్వాహకులు సవినయంగా ప్రకటించారు. కణం అభ్యంతరం చెప్పలేదు.

ఆ కణం పదో తరగతి శ్రుతి చేసిన నమూనా. ఆమె నాన్న కురుమయ్య చీరలు నేస్తాడు. మిగిలిన పట్టుపోగులిచ్చి, చెక్క చట్రానికి రెండు కొసల్లోనూ, విభజన వేళ చెరో కొసకు చేరే సెంట్రియోల్‌లుగా వెదురు ముక్కలు జంటగా బిగించాడు. నడుమ ఆ పోగులకు కట్టిన ఎర్ర ఊలు క్రోమోజోములు. రెండు వైపులా పిడి తిప్పితే అవి చెరిసగం అటూ ఇటూ జరుగుతాయి. "రెండు దిక్కుల బిగువు ఒక్క తీరుగ ఉండాలె బిడ్డా, లేకుంటే అంచు వంకర పోతది" అని కూతురికి చెప్పాడు. పుస్తకం చెప్పేదీ ఇంచుమించు అదే.

ఇది గెలిస్తే శ్రుతి రాష్ట్రస్థాయికి వెళుతుంది. పదకొండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న జయశ్రీ మేడం పిల్లల్లో ఒక్కరూ అంతదూరం పోలేదు. వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

ఒంటిగంటన్నరకు గౌరవాధ్యక్షులు రాఘవేందర్ గారూ, శాశ్వత గౌరవాధ్యక్షులు మహేశ్వర్ గారూ ఒకే కారులో జంటగా వచ్చారు. దిగగానే చెరో కొసకు చేరి, జనాన్ని తమ వైపు లాగడం మొదలుపెట్టారు. ఈ దశ పాఠ్యపుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

"నడిపించే పెద్దలు లేకుంటే కణం గూడ ముందుకు పోదు!" అని రాఘవేందర్ గారు ఉద్బోధించారు. "సెంట్రియోల్ అంటే ఎవలనుకుంటుండ్రు? పెద్దమనిషి!"

ఆ ఊపులో న్యాయనిర్ణేత మధుసూదన్ గారు శ్రుతిని అడిగారు: "మరి సెంట్రియోల్‌లు లేకుంటే ఏమైతది?"

"పెద్ద మొక్కల్ల అసలు లేనేలేవు సార్, అయినా కణాలు విడిపోతున్నయి. కొన్ని జంతుకణాలల్ల తీసేసి చూసిండ్రు. గవి గూడ విడిపోయినయి. జర తప్పులు ఎక్కువైతయి, గంతే."

పెద్దలిద్దరూ చేతి గడియారాలు చూసుకున్నారు. పరిస్థితిని చక్కదిద్దేందుకు నిర్వాహకులు పళ్లెంలో రెండు కత్తెర్లు తెచ్చారు. రిబ్బన్ కట్టడం మాత్రం మరిచారు. అతిథుల ఎదుట మిలమిలా మెరుస్తూ బిగిసి ఉన్నవి శ్రుతి పట్టుపోగులే. పెద్దలిద్దరూ చెరో కొస నుంచి, కెమెరా వైపు చూస్తూ, పోగులన్నీ కత్తిరించారు. క్రోమోజోములు రాలి పడ్డాయి. చప్పట్లు మారుమోగాయి.

అందరూ భోజనాలకు వెళ్లాక కురుమయ్య నేల మీద కూర్చుని, వేళ్లు తడి చేసుకుంటూ తెగిన పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతికించాడు. మగ్గం మీద రోజూ చేసే పనే. పావుగంటలో కణం సరిగ్గా సమానంగా విడిపోయింది. తండ్రీకూతుళ్లు, జయశ్రీ తప్ప ఎవరూ చూడలేదు. జయశ్రీకి ఏడుపొచ్చింది.

నాలుగింటికి ఫలితాలొచ్చాయి. నమూనా పనిచేసే స్థితిలో లేనందున శ్రుతి ఎంపిక కాలేదు. విభజనను దిగ్విజయంగా జరిపించినందుకు అతిథులిద్దరికీ శాలువాలు కప్పారు.

చట్రం ఎత్తుకుంటూ శ్రుతి అడిగింది: "మేడం, వాళ్లు పోగులు కత్తిరిస్తుంటే మీరెందుకు చప్పట్లు కొట్టిండ్రు?"

"అందరు కొట్టిండ్రు గద బిడ్డా."

"మీరు కొట్టినంకనే మేడం."