కణ పాలనలో మరక

"ఈ రోజు నుంచి మనది శాఖ కాదు, జీవకణం!" అని ప్రజా సదుపాయాల మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. విలేకరుల వరసలో కూర్చున్న నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదు. పైగా ఏసీ చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి.

ఇంతటి మహత్తర సంస్కరణకు మూలకారణం మా మరదలని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంది. మా ఆవిడ చెల్లెలు బడిలో జీవశాస్త్రం టీచరు. ఆ బడి కప్పు ఏళ్ల తరబడి కారుతోంది. వానలు దగ్గరపడేసరికి నా ప్రాణం తీసింది.

"బావా, ఒక్కసారి మంత్రిగారి దగ్గరికి తీసుకెళ్లు. పెచ్చులు ఊడిపడుతున్నాయి. పిల్లల నెత్తిన పడితే పూచీ ఎవరిది?"

తీసుకెళ్లాను. సాక్ష్యంగా ఉంటుందని, కప్పు కారి తడిసిపోయిన జీవకణం చార్టును చుట్టి చంకలో పెట్టుకొచ్చింది. మంత్రిగారు దాన్ని బల్ల మీద పరిచారు. తడి చూడలేదు, బొమ్మ చూశారు.

"మధ్యలో గుండ్రంగా కూర్చున్నదెవరమ్మా?"

"కేంద్రకం సార్. కణంలో ఏ పని జరగాలన్నా ఆజ్ఞలు అక్కణ్ణుంచే. అది కాదు సార్, మా బడి కప్పు..."

మంత్రిగారు ఒకసారి తన పొట్ట వైపు చూసుకుని తృప్తిపడ్డారు. "చుట్టూ ఈ పొర?"

"విచక్షణా త్వచం సార్. కావలసినవాటినే లోపలికి రానిస్తుంది."

"మన బంట్రోతు!" అన్నారు మంత్రిగారు.

"ఈ సంచులు లైసోజోములు. లోపలికొచ్చిన చెత్తను అరిగించేస్తాయి."

"అర్జీల విభాగం సార్," అని కార్యదర్శిగారు చటుక్కున అందుకున్నారు. చదువుకున్న మనిషి.

"మరి ఈ మూలనున్నది? కేంద్రకం కంటే పెద్దగా ఉందే!"

"అది కణంలో భాగం కాదు సార్! కప్పు కారి పడిన నీటి మరక. అది చూపిద్దామనే వచ్చాను."

అప్పటికే ఫోటోగ్రాఫరు వచ్చేశాడు. మంత్రిగారు చార్టు పట్టుకుని నవ్వారు. గొప్పవాళ్లకు మొదటి మాట వినేసరికే ఆలోచన వచ్చేస్తుంది, చివరి మాట దాకా ఆగే తీరిక ఉండదు.

సంస్కరణ చకచకా అమలైంది. ఆ చార్టును ఉన్నది ఉన్నట్టు అచ్చువేసి, మరకతో సహా, గదిగదికీ తగిలించారు. బొమ్మలోని ఒక్కో భాగం పేరిట ఒక్కో పదవి పెట్టారు. మైటోకాండ్రియాలో శక్తి ఉంటుందని విని అధికారులంతా ఆ పదవి కోసం ఎగబడ్డారు. ఆ శక్తిని తామే తయారుచేయాలని తెలిశాక వెనక్కి తగ్గారు. అదిప్పటికీ ఖాళీయే. ఇక మిగిలింది మరక. దాని పనేమిటో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పనేమీ లేదని రూఢి కాగానే పోటీ మాత్రం విపరీతంగా పెరిగింది. చివరికది మంత్రిగారి బావమరిదికి దక్కింది. అర్హత చూసే ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఏ పనీ చేసిన పాపాన పోలేదు.

మా మరదలు మళ్లీ వెళ్తే గుమ్మంలో త్వచంగారు ఆపారు.

"మీవల్ల కణానికి ఏం లాభం?"

"అయ్యో, ఈ పాఠం చెప్పిందే నేనయ్యా!"

"చెప్పేశారు కదమ్మా. ఇంకేం పని?"

నాకు విలేకరి కార్డుంది కాబట్టి నేను లోపలికి పోయాను. జీవకణానికి కప్పు లేదు కనుక కప్పు సంగతి చూసేవారెవరూ లేరు. కారితే మరక పడుతుంది కాబట్టి బావమరిదిగారి దగ్గరికి పొమ్మన్నారు. ఆయన నన్ను కూర్చోబెట్టి ఎంతో ఓపికగా చెప్పారు.

"కప్పు బాగుచేస్తే కారదు. కారకపోతే మరక పడదు. మరకే లేకపోతే నేనేం కావాలి, నా స్టాఫేం కావాలి? పెద్దమనుషులు, మీరు కూడా ఒకరి పొట్ట కొట్టమంటే ఎలాగండీ?"

ఆయన చెప్పిందాంట్లో నాకెక్కడా తప్పు దొరకలేదు. ఇంటికొచ్చి చెబితే మా మరదలు అన్నం ముందు కూర్చుని కూడా తినలేదు.

"ఈ వానకి ఆ కప్పు ఆగదు బావా. పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టాలంటే నాకు భయంగా ఉంది," అంది.

ఆ మాటకి నాకూ భయం వేసింది. రోజూ మంత్రుల మాటలు రాసేవాణ్ణి. నిజంగా భయం వేసి చాలా కాలమైంది.

ఈలోగా మరక పెరిగింది. కణమన్నాక విభజన సహజమేనని దాన్ని రెండు చేసి, రెండోది బావమరిదిగారి తమ్ముడికిచ్చారు. ఆ రెండూ నాలుగై, తోడల్లుళ్లకీ, వాళ్ల వియ్యంకుళ్లకీ అందాయి. ప్రతి ముక్కకీ ఒక అధికారి, ఒక కారు, ఒక త్వచం. ఏ ముక్కలోనూ పని లేదు. పక్కనున్న గ్రంథాలయం గదిని కలుపుకున్నారు. తర్వాత క్యాంటీను పోయింది. భవనం చాలక బయట చోటు వెతికారు. దొరికింది. మా మరదలి బడి.

అధికార యంత్రాంగం తలుచుకుంటే ఎంత చురుగ్గా పనిచేస్తుందో అప్పుడు చూశాను. వారం తిరక్కుండా పాత కప్పు పీకి కొత్తది వేశారు. ఒక్క చుక్క కారదు. పిల్లల్ని మాత్రం బయట ఆవరణలోకి పంపారు.

"కప్పు కారకపోతే మరక ఉండదన్నారు కదండీ?" అని బావమరిదిగారిని అడిగాను.

"అందుకే అసలు చార్టుకి అద్దం కట్టించాం. ఇక చెరిగే ప్రసక్తే లేదు," అన్నారాయన.

ప్రారంభోత్సవం నాడు ముసురు పట్టింది. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని వానలో నిలబడ్డారు. వాళ్ల మధ్య మా మరదలు. మంత్రిగారు గొడుగు కింద నుంచి ఆప్యాయంగా పలకరించారు.

"అంతా నీ పాఠం చలవేనమ్మా! కానీ మరక విభాగం అంటే బోర్డు మీద నిండుగా లేదు. ఇది ఆగకుండా పెరుగుతోంది. పనీపాటూ అని పెట్టుకోకుండా, పక్కవాళ్ల చోటు కూడా కలుపుకుంటూ పోతోంది. సైన్సులో దీనికేదైనా మంచి పేరుందా?"

మా మరదలు కొత్త కప్పు వైపు చూసింది. తడుస్తున్న పిల్లల వైపు చూసింది.

"ఉంది సార్. అనియంత్రిత కణ విభజన."

"అనియంత్రిత! అంటే అడ్డూ అదుపూ లేదన్నమాట. మనకి అతికినట్టు సరిపోయింది. రాయించండి!"

సాయంత్రానికల్లా మనిషెత్తు అక్షరాలతో బోర్డు లేచింది. మర్నాడు పొద్దున నేను అటు వెళ్తుంటే, పక్కవీధి ఆస్పత్రిలో పనిచేసే పెద్ద డాక్టరుగారు స్కూటరు ఆపి ఆ బోర్డు చదువుతున్నారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత, రోగి తాలూకు వాళ్లతో మాట్లాడేటప్పటిలాగా గొంతు తగ్గించి నన్నడిగారు.

"ఎంతవరకు పాకిందండీ?"

"నిన్న సాయంత్రమే మీ ఆస్పత్రి కొలతలు తీసుకెళ్లారు," అన్నాను.