ఊదారంగు గుంట

ఆ శనివారం పొద్దున త్రినాథరావు వేసుకున్న పథకం చిన్నదే. మూడు గాజుసీసాలను ల్యాబు కిటికీలో ఎండకు పెట్టి, అటెండరు యాదన్నకు అప్పగించి, కాకినాడ వెళ్లి మామగారికి ఓ తీపి మాట చెప్పి రావాలి. మూడేళ్లుగా అతను పటాన్‌చెరు దగ్గరి ఓ చిన్న రసాయనాల ఫ్యాక్టరీలో టెంపరరీ కెమిస్టు. పర్మనెంటయితే తప్ప కూతురు కమలాకుమారిని కాపురానికి పంపేది లేదని మామగారు భీష్మించుకున్నాడు.

ఇప్పుడా కాపురం సీసాల్లో ఉంది. షెడ్డు వెనక మురుగు గుంట కంపు భరించలేక పక్క ఊరు లక్డారం రైతులు రోజూ గేటు దగ్గర గొడవ చేస్తున్నారు. ఆ కంపునే తిని బతికే ఊదారంగు బాక్టీరియాను త్రినాథరావు నెలరోజులుగా పెంచుతున్నాడు. నెలాఖరుకు పని చూపిస్తే పర్మనెంటు ఆర్డరు, లేకపోతే ఇంటికే అని మేనేజరు నరసరాజు తేల్చేశాడు.

యాదన్నకు అంతా విడమరిచి చెప్పడమే పొరపాటయింది. వెలుగు తగలగానే బాక్టీరియాలో ఓ ఎలక్ట్రాన్ ఉలిక్కిపడి లేస్తుందనీ, స్లాబు పోసేటప్పుడు తట్ట చేతులు మారినట్టు అణువు నుంచి అణువుకు మారుతూ చివరికి బయల్దేరిన చోటికే వస్తుందనీ, ఆ తిరుగుడులో ప్రోటాన్లు దాని లోపలి పొరకు ఒక పక్కన పోగవుతాయనీ, అవి తూములో నీళ్లలా వెనక్కి దూకినప్పుడు పుట్టే శక్తితోనే అది బతుకుతుందనీ చెప్పాడు. గాలి తగలకుండా మూతలు బిగించి ఉంచమన్నాడు.

యాదన్న మొహం చిన్నబోయింది. ఆదివారం సెలవు కోసం పోయినేడు పదకొండు రోజులు గేటు ముందు బైఠాయించిన మనిషి మరి.

"వారానికొక్క సెలవన్న లేదా సార్, వాటికి?"

"వెలుగున్నంతసేపూ డ్యూటీయే," అని నవ్వి త్రినాథరావు బస్సెక్కాడు.

పుట్టి నెలయింది కనుక నాలుగు ఆదివారాలు రావాలని యాదన్న లెక్క తేల్చాడు. గాలి ఆడేలా మూతలు వదులు చేసి, గోనెపట్టా కప్పి, నాలుగు రోజులూ వరసగా సెలవిచ్చాడు. పట్టా తీస్తే రంగు వెలిసిపోయి ఉంది. సారు నౌకరీ పోతుందని భయపడి, ఉన్నదంతా మురుగు గుంటలో పారబోసి, సీసాల్లో మంచినీళ్లు నింపి, కలరా రోజుల్లో బావుల్లో వేసే ఊదా మందు చిటికెడు కలిపాడు.

వారానికి తిరిగొచ్చిన త్రినాథరావు మురిసిపోయాడు. రంగు నిగనిగలాడుతోంది, వాసన బొత్తిగా లేదు. మైక్రోస్కోపు అడిగితే ముక్కుంది కదా అన్న ఫ్యాక్టరీ అది. పాపం, మూడు వారాలపాటు బావి మందుకు పగలంతా ఎండ చూపించి, సాయంత్రాలు బల్బు వెలిగించాడు. రంగు తగ్గినప్పుడల్లా యాదన్న ఇంకో చిటికెడు వేశాడు. ఈలోగా లక్డారం రైతులు గేటుకు రావడం మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు, గుంట వైపు తొంగి చూడనూ లేదు.

నెలాఖరున నరసరాజు ఎదుట త్రినాథరావు సీసా ఎత్తి, షెడ్డు గొట్టం దగ్గర అప్పుడే పట్టి తెచ్చిన కంపు నీళ్లలో పోశాడు. నీళ్లు బురదరంగుకు తిరిగాయి.

"ఇది బావి మందు కదయ్యా," అన్నాడు నరసరాజు.

యాదన్న ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్, సారుది గాదు. అసలువాటిని నేనే గుంటల పోసిన."

ముగ్గురూ గుంట దగ్గరికి పరుగెత్తారు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఊదారంగు. కంపు లేదు. త్రినాథరావుకు కళ్లనీళ్లు తిరిగాయి.

"పని చేస్తున్నాయండీ," అన్నాడు.

నరసరాజు గట్టు మీద ఓ చుట్టు తిరిగొచ్చాడు. "వాటంతటవే చేసుకుంటున్నాయిగా. ఇక కెమిస్టు దేనికి?"

గుంట కాపలాకు యాదన్నను వేశారు. వద్దని అతను ఎంత ఏడ్చినా వినలేదు. గుంటకు సెలవు లేదు, కాపలాకూ లేదు. త్రినాథరావుకు మాత్రం సోమవారం నుంచి వారమంతా ఆదివారమే.