చెరువులోకి జరిగిన సమాధుల తోట

2006 జూన్ పన్నెండున మా ఊరి సమాధుల తోట పోయింది. కంగారు పడకండి, నేల ఉన్నచోటే ఉంది. నంద్యాలలో ఒక ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం, శాటిలైట్ ఫొటో మీద, తోటా ఊరూ కలిసి తూర్పుకు నూట యాభై మీటర్లు జరిగాయి. ఇంతకన్నా వరం ఏముంటుంది?

మాది శిరివెళ్ల దగ్గర పల్లె. బస్సు ఎక్కాలంటే ఇన్నాళ్లూ రోడ్డుదాకా నడిచేవాళ్లం. ఇప్పుడు రోడ్డే ఓబులేసు వంటింట్లోంచి పోతోంది! బడి మద్దిలేటి మిరపచేలో పడింది. పిల్లలకు వ్యవసాయం వేరే నేర్పాలా?

కారణం చిన్నదే. భూమి ఆకారానికి పాత సర్వే ఒక కొలత వాడింది, శాటిలైట్ మరొకటి వాడుతుంది. పాత అంకెలను కొత్త కొలతలోకి లెక్కగట్టి మార్చాలి. ఆఫీసువారు అంకెలను ముట్టుకోలేదు. పైన పాత కొలత పేరు తీసేసి కొత్తదాని పేరు రాశారు.

నేను లెక్కల మాస్టర్ని. మైళ్లను కిలోమీటర్లలోకి మార్చమంటే, అంకెను అలాగే ఉంచి ‘మైళ్లు’ తుడిచి ‘కిలోమీటర్లు’ అని రాసిన పిల్లలచేత ఇరవై ఏళ్లు గోడకుర్చీ వేయించాను. వాళ్లందరికీ క్షమాపణలు. ఆఫీసు పనికి అప్పుడే తయారయ్యారని గ్రహించలేకపోయాను!

నా భార్య లూదియా ఆ ఏడాది మార్చిలో పోయింది. ఆ తోటలోనే, పడమటి గోడ పక్కన ఉంది. రాయి నిలబెట్టడానికి ఆ ఆఫీసులో అనుమతి అడిగితే ఆపరేటర్ సురేష్ తెర నా వైపు తిప్పాడు.

“సార్, మేడమ్ చెరువులో ఉండాది.”

“ఆ చెరువులో నీళ్లే లేవు కదప్పా.”

“ఫొటోలో నీలం రంగుండాది సార్. చెరువులో రాయి పాతేదానికి పర్మిషన్ ఎట్లిస్తారు?”

నేను వాదించలేదు. లూదియాకు ఎండ పడదు. మా ఎండలకు ఆమెను నీళ్లలోకి జరిపినవారికి దండం పెట్టాలి కదా!

“లెక్క మార్చేదానికి ఎంతసేపు పడ్తాదప్పా?” అని మాత్రం అడిగాను.

“ఒక్క లైను సార్. నిమిషం గూడా పట్టదు. పైనుంచి ఆర్డర్ రావల్ల.”

ఆ నిమిషం కోసం ఏడు నెలలుగా తిరుగుతున్నాను. చూశారా, నిమిషాలను నెలల్లోకి మార్చడం ఎంత సులభమో! దానికి ఏ ఆర్డరూ అక్కర్లేదు.

ఆళ్లగడ్డలో రాజరత్నం రాయి చెక్కి ఉంచాడు. పేరూ, రెండు తేదీలూ ఉన్నాయి. ఇంకా నిలబెట్టలేదు.